పెచ్చులూడిన పాత మంగలికత్తిని బాగుచేసి, గడ్డానికి పట్టేలా నూరుకోవడం ఎలా?

పాత మంగలికత్తి ఒకటి చేతికొచ్చింది, అలుగు బాగానే ఉంది గానీ అంచు ఒకచోట పెచ్చు ఊడింది, మళ్లీ పనికొస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. అడిగిన ప్రతివాళ్లకూ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే జవాబంతా ఒకచోట ఉంటే మేలనిపించింది. చాలావరకు పనికొస్తుంది. గాటు లోతు అర మిల్లీమీటరు లోపయితే ఓపిక ఉన్నవాళ్లెవరైనా ఇంట్లోనే తీసేసుకోవచ్చు. అంతకంటే లోతైనా దారి ఉంది, కాకపోతే శ్రమ ఎక్కువ. కొన్ని కత్తులు మాత్రం ఏం చేసినా బాగుపడవు. అలాంటివాటిని మొదటి మెట్టులోనే గుర్తుపట్టి పక్కన పెట్టేయాలి.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. ఈ పనిలో ముప్పాతిక వంతు 1000 గ్రిట్ రాయి మీదే జరుగుతుంది (గ్రిట్ అంటే రాయి గరుకును చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ రాయి సన్నం). ఆ పైన వాడే సన్నరాళ్లు అప్పటికే ఏర్పడిన అంచును నునుపు చేస్తాయి తప్ప లేని అంచును పుట్టించలేవు. 'గంటల తరబడి నూరినా గడ్డం తెగట్లేదు' అనేవాళ్లలో ఎక్కువమంది 1000 మీద పని పూర్తి కాకముందే పై రాయికి వెళ్లిపోయినవాళ్లే.

ఇక్కడ చెప్పేదంతా మడిచి పిడిలో పెట్టుకునే, ఒకే అలుగు ఉన్న అసలు కత్తి గురించి. బ్లేడు ముక్క మార్చుకునే రకానికి ఇవేవీ అక్కర్లేదు.

కావలసినవి

• 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక గట్టి వెలుగున్న దీపం. ఈ రెండూ లేకుండా మొదలుపెట్టకండి.
• నీళ్లతో వాడే సానరాళ్లు: 1000, తర్వాత 3000–5000 మధ్య ఒకటి, 8000, వీలైతే 12000. గాటు పెద్దదైతే 400–600 మధ్య ఇంకొకటి.
• రాళ్లను చదును చేసుకోడానికి డైమండ్ ప్లేటు. అది లేకపోతే మందపాటి అద్దం మీద పరిచిన 220 నంబరు వాటర్ పేపరు.
• కరెంటు పనికి వాడే పీవీసీ టేపు, పర్మనెంట్ మార్కరు, పెన్సిలు.
• వెర్నియర్ కాలిపర్స్. మామూలు స్కేలు ఈ కొలతలకు చాలదు.
• ఒకవైపు తోలు, రెండోవైపు కాన్వాసు లేదా నార గుడ్డ ఉన్న స్ట్రాప్, అంటే నూరాక అంచును సరిచేసే పట్టీ.
• 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి నూలు గుడ్డ, మినరల్ ఆయిల్, పటిక ముక్క.

సన్నరాళ్లు కొనడం భారమనుకుంటే 1000 రాయి ఒక్కటి కొని, ఆ పైన లాపింగ్ ఫిల్మ్ (సన్నటి రాపిడి పొడి పూసిన ప్లాస్టిక్ రేకు) వాడండి. 9, 3, 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్ములను చదునైన అద్దం మీద నీళ్లతో అతికించి నూరితే అంచు బాగా వస్తుంది. ఒకటి రెండు కత్తుల కోసమైతే నా ఓటు దీనికే. చదును చేసే బాధ కూడా తప్పుతుంది.

దగ్గరికి కూడా రానివ్వకూడనివి: బెంచ్ గ్రైండరు, చేతిలో పట్టుకునే చిన్న గ్రైండర్లు, వంటగదిలో కత్తిని లాగి పదును పెట్టే పరికరాలు. ఈ కత్తుల ఉక్కును దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెంపర్ చేసి, అంటే గట్టిపరిచాక పెళుసుతనం తగ్గేలా మళ్లీ వేడిచేసి ఉంటారు. గ్రైండరు చక్రం తగిలితే కాగితం మందం కూడా లేని అంచు రెప్పపాటులో ఆ వేడిని దాటిపోతుంది. నీలం రంగు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు.

మెట్టు 1: కత్తిని పరీక్షించండి

రాళ్లు కొనకముందే ఈ మెట్టు పూర్తి చేయండి. కత్తి పనికిరాదని ఇక్కడే తేలిపోవచ్చు.

అన్నిటికంటే ముందు పగుళ్లు. గాటుకూ పగులుకూ తేడా ఉంది. గాటంటే లోహం ఊడిపోయిన ఖాళీ. పగులంటే లోహం అక్కడే ఉంటూ లోపల చీలిపోవడం. అలుగు మీద పల్చటి నూనె రాసి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేసి, కాసేపు ఆగి భూతద్దంలో చూడండి. పగులు ఉంటే అందులోకి దిగిన నూనె మళ్లీ ఊరి సన్నటి గీతలా కనిపిస్తుంది. గాటు మూలలోంచి వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే మందపాటి పక్క) వైపు అలాంటి గీత పాకి ఉంటే ఆ కత్తితో గడ్డం గీసుకోవద్దు. చర్మం మీద ఉండగా ముక్క ఊడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని గూట్లో పెట్టి చూసుకోండి, అంతే.

తర్వాత తుప్పు. పైపైన పరుచుకున్న ఎర్రతుప్పు పెద్ద విషయం కాదు. అంచును ఆనుకుని నల్లటి చుక్కల్లా లోపలికి దిగిన తుప్పు గుంటలు అసలు సమస్య. 'గాటు తీసేశాను, నూరుతుంటే పక్కన ఇంకో గాటు వచ్చింది' అని వాపోయేవాళ్లకు జరిగేది ఇదే: నూరేకొద్దీ అంచు వెనక్కి జరిగి గుంటను చేరుతుంది, గుంట అంచున పడగానే అది కొత్త గాటవుతుంది. అంచు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపల లోతైన గుంటలు వరసగా ఉంటే ఆ కత్తి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

మూడోది పిడి. పాత పిడుల్లో చాలావరకు సెల్యులాయిడ్‌తో చేసినవి. సెల్యులాయిడ్ చెడిపోవడం మొదలైతే ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, ఘాటైన వాసన వస్తుంది, అలుగులో పిడి కప్పే భాగం మాత్రమే తుప్పు పడుతుంది. అలాంటి పిడిని విప్పించి కొత్తది వేయించాలి. ఆ ముక్కలను మిగతా కత్తుల పక్కన ఉంచకూడదు, నిప్పుకు దూరంగా ఉంచాలి. సెల్యులాయిడ్ చాలా త్వరగా అంటుకుంటుంది.

ఇంకో మాట. కత్తి మీద బంగారు పూత, చెక్కిన బొమ్మలు, దంతపు పిడి ఉంటే చేయి పెట్టకముందు దాని విలువ తెలిసినవాళ్లకు చూపించండి. షెఫీల్డ్ (ఇంగ్లండ్), సోలింగెన్ (జర్మనీ) ఊళ్లలో చేసిన కత్తుల మీద 'ఇంగ్లండ్', 'జర్మనీ' అని దేశం పేరు చెక్కి ఉంటే అది సాధారణంగా 1891 తర్వాతిది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టాక అలా చెక్కడం మొదలైంది. దేశం పేరు లేని కత్తి అంతకంటే పాతది కావచ్చు.

మెట్టు 2: కొలతలు తీసుకోండి

మంగలికత్తిని నూరేటప్పుడు వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయికి ఆనుతాయి. అందుకే కోణాన్ని చేత్తో పట్టి ఉంచాల్సిన పని లేదు, వెన్ను మందమే దాన్ని నిర్ణయిస్తుంది. అలుగు వెడల్పును వెన్ను మందంతో భాగించండి. జవాబు 3కీ 4కీ మధ్య ఉంటే మంచిదే. 4 అంటే కోణం 14 డిగ్రీలకు కాస్త పైన, 3 అంటే దాదాపు 19 డిగ్రీలు. సాధారణంగా 16–17 డిగ్రీల దగ్గర కత్తి హాయిగా పనిచేస్తుంది.

ఉదాహరణకు వెడల్పు 16 మి.మీ., వెన్ను 4.5 మి.మీ. ఉంటే కోణం 16 డిగ్రీలు. గాటు కోసం అంచు నుంచి 1 మి.మీ. తీసేసి, వెన్నును ముట్టుకోకపోతే అది 17 అవుతుంది. వెన్ను మీద ఒక వరస టేపు వేసినా దాదాపు అంతే పెరుగుతుంది. అంటే ఒక మిల్లీమీటరు పోయినంత మాత్రాన కొంప మునిగేదేమీ లేదు.

ఇప్పుడు గాటు లోతు చూసి దారి ఎంచుకోండి.

• 0.2 మి.మీ. లోపు, అంటే భూతద్దంలోనే సరిగ్గా కనిపించేది: విడిగా ఏమీ చేయక్కర్లేదు, 1000 రాయి మీద బెవెల్ (అంచుకు రెండు పక్కలా ఉండే ఏటవాలు పట్టీ) వేస్తుంటే అదే పోతుంది.
• 0.2 నుంచి 0.5: 400–600 రాయి మీద టేపు వేసి నూరాలి.
• 0.5 నుంచి 1.5: అంచును నిలువుగా రుద్ది గాటు తీసేయాలి.
• అంతకుమించి: కత్తి అంటే బాగా మమకారం ఉంటే అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వండి. అలుగును మళ్లీ పల్చగా తోలాల్సి రావచ్చు, అది రాయి మీద అయ్యే పని కాదు.

గాటు మొన దగ్గర ఉంటే సంతోషించండి. మొత్తం అంచును తగ్గించకుండా మొన మూలను గుండ్రంగా అరగదీస్తే గాటు అందులో కలిసిపోతుంది. మొన సూదిగా లేకపోతే కొత్తవాళ్లకు చెవి పక్కన గీసుకునేటప్పుడు భయం కూడా తగ్గుతుంది.

మెట్టు 3: శుభ్రం చేయండి

అంచు మీద పొడవునా టేపు మడిచి అతికించండి. చేతులు తెగేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే మొండిగా ఉందిలే అని ధీమాగా పట్టుకుంటారు. నూనె వేసి పాత జిడ్డు నానబెట్టి తుడవండి, ఎర్రతుప్పును మెటల్ పాలిష్‌తో నెమ్మదిగా తీయండి. నల్లమచ్చలన్నీ పోయి తళతళలాడాలని ఇసుక కాగితం పట్టుకోకండి. తుప్పు పెరగకుండా ఆగితే చాలు. పిడి ఉన్న కత్తిని నీళ్లలో నానబెట్టకూడదు, మరిగించకూడదు.

చివర్లో అలుగంతా, పిడి లోపలి వైపు కూడా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి దానంతటదే ఆరేదాకా వదిలేయండి. సెల్యులాయిడ్ పిడికి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి. ఎవరు వాడారో తెలియని కత్తి అది. నూరడం అయ్యాక, మొదటిసారి ముఖానికి పెట్టేముందు అలుగును మళ్లీ ఇలాగే తుడవాలి.

మెట్టు 4: రాళ్లు చదును చేయండి

రాయి మీద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గళ్లు గీసి, డైమండ్ ప్లేటుతో నీళ్లు పోస్తూ రుద్దండి. గీతలన్నీ ఒకేసారి చెరిగిపోతే రాయి చదునుగా ఉన్నట్టు. మధ్యలో గీతలు మిగిలితే అక్కడ గుంట పడింది, ఇంకా రుద్దాలి. రాయి నాలుగు అంచులనూ కాస్త మొద్దు చేయండి, లేకపోతే అలుగు పక్కకు జారినప్పుడు కొత్త గాటు పెడతాయి. కొత్త రాయి కదా అని ఈ మెట్టు దాటేయకండి. కొత్తవన్నీ చదునుగా వస్తాయన్న నమ్మకం లేదు.

మెట్టు 5: గాటు తీయండి

ముందు వెన్ను మీద పొడవునా రెండు వరసల టేపు ముడతల్లేకుండా వేయండి. గాటు తీసేటప్పుడు రుద్దుడు ఎక్కువ, టేపు లేకపోతే వెన్ను అరిగి పలకలు తేలుతుంది. టేపు చిరగడం మొదలవగానే మార్చేయండి.

చిన్న గాటైతే 400–600 రాయి మీద చిన్నచిన్న సున్నాలు చుడుతూ ఒకవైపు 20, రెండోవైపు 20 చొప్పున నూరండి. వేలిని వెన్నుకు దగ్గరగా పెట్టి మాత్రమే ఒత్తండి. ఈ అలుగులు మధ్యలో బోలుగా, పల్చగా ఉంటాయి. అంచు దగ్గర ఒత్తితే వంగిపోయి బెవెల్ వంకరగా వస్తుంది. గాటు ఉన్నచోటే ఎక్కువగా నూరాలనిపిస్తుంది. అది చేయకూడదు. అలా చేస్తే అక్కడ అంచు లోపలికి వంగి, చర్మం మీద ఆనకుండా పోతుంది. గాటు ఎక్కడున్నా మడమ (అలుగుకు పిడి వైపు కొస) నుంచి మొనదాకా సమానంగానే నూరాలి.

పెద్ద గాటుకు రెండో పద్ధతి. అలుగును నిటారుగా, అంచు కిందికి ఉండేలా పట్టుకుని 600 లేదా 1000 రాయి మీద పొడవునా నిదానంగా లాగండి. చూడటానికే గుండె గుభేలుమంటుంది, నిజమే, ఉన్న కాస్త పదునూ పూర్తిగా పోతుంది. కానీ గాటు పోవాలంటే దాని చుట్టూ ఉన్న అంచంతా ఆ లోతుకు దిగాల్సిందే. పక్కల నుంచి నూరుతూ గంటలు గడిపేకంటే ఇలా తీసేస్తే లోహం కూడా తక్కువ వృథా అవుతుంది. కొన్ని జాగ్రత్తలు:

రాయి పై ముఖం మీద కాకుండా సన్నటి పక్క ముఖం మీద లాగండి, లేకపోతే రాయికి గాడి పడుతుంది. పది లాగుళ్లకోసారి ఆపి భూతద్దంలో చూడండి. అంచు చాపంలా కాస్త వంగి ఉండే కత్తయితే ఆ వంపును అనుసరిస్తూ చేతిని ఊపండి, తిన్నగా చేసేయకండి. గాటు పూర్తిగా మాయమయ్యేదాకా ఆగకుండా లాగొద్దు. వెంట్రుకవాసి మిగిలి ఉండగానే ఆపేయండి, మిగతాది బెవెల్ వేసేటప్పుడు పోతుంది.

ఇప్పుడు దీపం కింద అంచును మీకు ఎదురుగా పెట్టి నిలువుగా చూడండి. అంచు పొడవునా తెల్లటి గీత ఒకటి మెరుస్తుంది. అది మీరు చదును చేసిన అంచు మందం, వెలుగును తిప్పికొడుతోంది. ఈ గీతను బాగా చూసి పెట్టుకోండి. ఇకనుంచి మీ పనంతా దాన్ని మాయం చేయడమే. పదునైన అంచుకు వెలుగును తిప్పికొట్టేంత మందం ఉండదు. ఎక్కడ మెరుపు కనిపిస్తే అక్కడ పని మిగిలినట్టు.

మెట్టు 6: 1000 మీద బెవెల్ వేయండి

టేపు తీసేయండి, లేదా ఒక్క వరస మాత్రం ఉంచండి. మెట్టు 2లో వచ్చిన భాగఫలం 4 దాటి వెన్ను అరిగిపోయిన కత్తయితే ఒక వరస తప్పనిసరి. 3కి దగ్గరగా ఉంటే టేపు వద్దు, వెన్ను కాస్త అరగడమే మంచిది. ఏది ఎంచుకున్నా చివరి రాయిదాకా అదే కొనసాగించాలి. మధ్యలో టేపు తీసేస్తే కోణం మారి, పై రాళ్లు అంచును తాకనే తాకవు.

బెవెల్ అంటే అంచుకు రెండు పక్కలా రాయి ఆనిన సన్నటి పట్టీ. ఈ రెండు పట్టీలూ అంచు పొడవునా ఎక్కడా ఖాళీ లేకుండా ఒకదాన్నొకటి కలవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి గంట కూడా పట్టొచ్చు.

బెవెల్ మీద మార్కరుతో రంగు పూసి, రెండు మూడుసార్లు రాయి మీద తేలిగ్గా నడిపి చూడండి. రంగు ఎక్కడ చెరిగితే అక్కడ రాయి తాకుతోంది. అంచు కొస దగ్గర రంగు మిగిలితే ఇంకా చాలా నూరాలి. మొన దగ్గరో మడమ దగ్గరో మాత్రమే మిగిలితే అలుగు కాస్త మెలి తిరిగి ఉంది. పాత కత్తుల్లో ఇది మామూలే. అలాంటప్పుడు రాయి వెడల్పంతా వాడకుండా ఒక పక్క అంచు దగ్గర, సన్నటి భాగం మీద నూరండి, లేదా నడిపేటప్పుడు మణికట్టును కొద్దిగా తిప్పుతూ అన్ని భాగాలూ వరసగా ఆనేలా చూడండి.

మొదట సున్నాలు, ఒకవైపు 20, మరోవైపు 20. తెల్లగీత సన్నబడ్డాక పూర్తి నడకలకు మారండి. అంచు ముందుండేలా, మడమ దగ్గర మొదలై మొన దగ్గర ముగిసేలా ఏటవాలుగా నడపాలి. రాయి చివర తిప్పేటప్పుడు అలుగు వెన్ను మీదే దొర్లాలి. అంచు మీద తిప్పితే అప్పటిదాకా చేసినదంతా ఒక్క క్షణంలో పోతుంది. మడమ దగ్గర అలుగు దళసరిగా మారే భాగం ఒకటి ఉంటుంది. అది రాయి మీదికి ఎక్కకూడదు. ఎక్కిందంటే అలుగు లేచి, అంచు గాల్లో ఉండిపోతుంది. 'మడమ వైపు ఎందుకు తెగట్లేదు' అన్నవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

పని దగ్గరపడేకొద్దీ ఒత్తిడి తగ్గించుకుంటూ రండి. చివరి 20 నడకలకు కత్తి బరువు చాలు.

బెవెల్ కుదిరిందా? ఇలా చూడండి:

• దీపం కింద తెల్లగీత గానీ, ఒక్క చుక్క మెరుపు గానీ ఉండకూడదు.
• భూతద్దంలో రెండువైపులా గీతలు అంచు కొసదాకా వెళ్లాలి.
• ముంజేతి వెంట్రుకలను చర్మానికి ఆనించి నడిపితే లాగకుండా తెగాలి. మడమ, మధ్య, మొన మూడుచోట్లా చూడండి.
• పండిన టమాటా తొక్క మీద కత్తిని ఒత్తకుండా పెట్టి కొద్దిగా లాగితే దిగాలి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా 1000 మీదే ఉండండి. గోటి మీద అంచును లాగి చూసే పద్ధతి కొందరు చెబుతారు. ఈ దశలో చేస్తే నష్టం లేదు, పై రాళ్ల తర్వాత మాత్రం చేయకండి, అంచు దెబ్బతింటుంది.

మెట్టు 7: పై రాళ్లు

ఇది త్వరగా అయిపోయే పని. 3000–5000 మీద 40–50 నడకలు వేయండి. భూతద్దంలో 1000 వదిలిన ముతక గీతలు కనిపించకుండా పోవాలి. తర్వాత 8000 మీద అన్నే. రాయి మారేముందు కత్తినీ చేతులనూ కడుక్కోండి. కింది రాయి నుంచి ఒక్క ముతక రేణువు వచ్చినా అంచుకు సన్న గాట్లు పడతాయి. టేపు వాడుతుంటే రాయి రాయికీ కొత్తది వేయండి.

ఇక్కడ నీళ్లను గమనించండి. అంచు ఇంకా మొండిగా ఉంటే అది నీళ్లను ముందుకు తోసుకుంటూ పోతుంది. పదునెక్కాక నీటి కిందికి దూరుతుంది, నీళ్లు అలుగు మీదికి ఎక్కుతాయి. మడమ నుంచి మొనదాకా నీళ్లు ఒకేలా ఎక్కుతుంటే పని సరిగా సాగుతున్నట్టు. ఒకచోట మాత్రం ఎక్కకపోతే ఆ చోటు బెవెల్ కుదరలేదు, 1000కి వెనక్కి వెళ్లండి.

12000 లేదా 1 మైక్రాన్ ఫిల్మ్ మీద 20–30 నడకలు, కత్తి బరువుతో మాత్రమే. అలుగు రాయికి కాస్త అతుక్కున్నట్టు అనిపిస్తుంది, అది మంచి గుర్తు. ఇంకా ఇంకా నూరితే ఇంకా పదునెక్కుతుందని కొనసాగించకండి. హద్దు దాటితే అంచు కొస రేకులా సాగి, మొదటి గడ్డానికే విరిగిపోతుంది.

మెట్టు 8: స్ట్రాప్

స్ట్రాప్‌ను బిగువుగా లాగి పట్టుకోండి, సడలితే అంచు గుండ్రమవుతుంది. ఇక్కడ నడక రాయికి తలకిందులు: వెన్ను ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు మాత్రం అదే నియమం, వెన్ను మీదే. కాన్వాసు మీద 20, తోలు మీద 50 సార్లు చాలు. వేగం ఏమాత్రం అక్కర్లేదు. కొత్తవాళ్లు తోలును కోసుకునేది చివర తిప్పేచోటే, అందుకని అక్కడ ఒక క్షణం ఆగి తిప్పండి.

గడ్డం చురుక్కుమంటుంటే 0.5 మైక్రాన్ క్రోమియం ఆక్సైడ్ పూసిన వేరే స్ట్రాప్ మీద పదిసార్లు నడిపితే అంచు గరుకు తగ్గుతుంది. రోజూ వాడే తోలుకు మాత్రం ఆ పేస్టు పూయకండి.

మెట్టు 9: గడ్డం మీద పరీక్ష

ఊడబెరికిన ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పట్టి అంచుకు తాకించి, తెగితే పాసైనట్టు చెప్పే పద్ధతి ప్రచారంలో ఉంది. వెంట్రుక మందాన్ని బట్టి, తడిని బట్టి ఫలితం మారిపోతుంది. మీ వెంట్రుకతో మీ కత్తులను పోల్చుకోడానికి పనికొస్తుంది, అంతకంటే దానికి విలువ ఇవ్వను. అసలు పరీక్ష చెంప మీదే.

వేడినీళ్లతో కడిగి, నురగ బాగా పట్టించి, చర్మాన్ని బిగదీసి, వెన్నును చర్మానికి 30 డిగ్రీల దూరంలో ఉంచి, వెంట్రుక వాలిన దిక్కులోనే చెంప మీద గీయండి. మొదటిరోజు గడ్డం కింద, పెదవి పైన వద్దు. తెగితే పటిక అద్దండి. కత్తి చేయి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి.

కత్తి చెప్పేది ఇలా అర్థం చేసుకోండి:

• ఒకచోట మాత్రమే వెంట్రుక లాగుతోంది: ఆ భాగంలో బెవెల్ కలవలేదు. 1000కి.
• అంతటా లాగుతోంది: దాదాపు ఎప్పుడూ ఇదీ బెవెల్ సమస్యే. ముంజేతి పరీక్షను నిజాయితీగా మళ్లీ చేయండి.
• బాగా తెగుతోంది గానీ మంట పుడుతోంది: అంచు గరుకుగా ఉంది. చివరి రాయి మీద పది తేలిక నడకలు, తర్వాత స్ట్రాప్. కోణం ఎక్కువై చేత్తో ఒత్తుతున్నారేమో కూడా చూసుకోండి.
• మొదట బాగుండి, సగం గడ్డానికే మొండికేసింది: అంచు కొస సాగిన రేకు విరిగింది. 8000 రాయి మీద అంచును కత్తి బరువుతో ఒక్కసారి నిలువుగా లాగి, ఆ రేకును తీసేసి, 3000–5000 రాయి నుంచి మళ్లీ రండి.
• రెండు మూడు గడ్డాలకే భూతద్దంలో సన్నగాట్లు: పాత తుప్పు అంచులో ఇంకా ఉంది, లేదా నూరేటప్పుడు ఒత్తిడి ఎక్కువైంది. 1000 మీద అంచు ఇంకొంచెం వెనక్కి జరిగేలా, తేలిక చేత్తో నూరి చూడండి. అయినా ఊడుతుంటే ఒక వరస టేపుతో కోణం ఒక డిగ్రీ పెంచండి. చాలా కత్తులు అక్కడితో కుదురుకుంటాయి.

వాడాక

గడ్డం అయ్యాక అలుగును, ముఖ్యంగా పిడి దగ్గరి సందును, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా మినరల్ ఆయిల్ రాసి, తేమ లేని చోట పెట్టండి. స్నానాలగది అందుకు తగిన చోటు కాదు. ప్రతి గడ్డానికి ముందు తోలు మీద 40–50 సార్లు నడపండి. కొన్ని నెలలకు స్ట్రాప్‌తో కూడా పదును తిరిగి రావడం లేదనిపించినప్పుడు చివరి రాయి మీద 15–20 నడకలు వేస్తే సరిపోతుంది. ఒకసారి సరిగా వేసిన బెవెల్ ఏళ్ల తరబడి ఉంటుంది, మళ్లీ గాటు పడితే తప్ప 1000 రాయిని బయటికి తీయాల్సిన పనిలేదు.